రెండు జతల పిన్నులు

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం మా అన్నయ్య తన ట్రాక్టర్ వెనక గొర్రు తగిలించుకుని వచ్చి, మా వాకిట్లో ధన్‌మని దించి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు. "ఎవరి సామాను వాళ్ళ దగ్గరే ఉండాలిగా" అన్నది ఒక్కటే మాట. అది కూడా నాతో కాదు, గుమ్మంలో నిలబడ్డ మా ఆయనతో. నేను నాలుగడుగుల దూరంలో బట్టలు ఆరేస్తున్నాను. నన్ను పక్కన పెట్టుకుని నా గురించి ఇంకొకరితో మాట్లాడాడని ఒళ్ళు మండిపోయింది.

గొర్రు అంటే ఎడ్లకు కట్టేది కాదు. ట్రాక్టర్ వెనక తగిలించే కల్టివేటర్, తొమ్మిది ఉక్కు పళ్ళది. అది నాదే. నాన్న పోయేముందు పొలం మా ఇద్దరికీ చెరి సగం రాసి, ట్రాక్టర్ అన్నయ్యకీ, గొర్రు నాకూ ఇచ్చాడు. విన్నవాళ్ళందరూ నవ్వారు. కత్తెరలో ఒక రెక్క కొడుక్కి, ఇంకో రెక్క కూతురికి ఇచ్చినట్టుందని మా ఆయన కూడా అన్నాడు. నాన్న మాత్రం చాలా తెలివిగా పంచాననుకున్నాడు. ట్రాక్టర్ లేకుండా గొర్రు కదలదు, గొర్రు లేకుండా ట్రాక్టర్ దున్నదు, కాబట్టి వీళ్ళిద్దరూ ఏటా తొలకరికి ఒకరి మొహం ఒకరు చూసుకోక తప్పదని ఆయన ధీమా.

ఎనిమిదేళ్ళు అలాగే నడిచింది. ట్రాక్టర్ వెనక రెండు ఇనప చేతులుంటాయి, వాటి చివర ఒక్కో కన్నం. గొర్రుకి రెండు పక్కలా బొటనవేలంత లావు పిన్నులుంటాయి. అన్నయ్య బండిని వెనక్కి తెస్తే, నేను ఆ చేతుల్ని పట్టి పిన్నుల మీదకి ఎక్కించి, జారిపోకుండా క్లిప్పు పెట్టేదాన్ని. పైన ఇంకో లింకు బిగిస్తే గొర్రు ట్రాక్టర్‌కి అతుక్కున్నట్టే. నడిపేది అన్నయ్య, ఎక్కించేది నేను. చిన్నప్పటి నుంచీ అంతే.

చెడింది పదును దగ్గర. వాన వెలిశాక నేల మరీ బురదగానూ మరీ గట్టిగానూ కాకుండా నాలుగైదు రోజులుంటుంది. దున్నితే ఆ రోజుల్లోనే దున్నాలి. అన్నయ్య మూడేళ్ళుగా ముందు తన పొలం, ఆ తర్వాత తన స్నేహితుల పొలాలు దున్ని, ఐదో రోజు సాయంత్రం నా దగ్గరకి వచ్చేవాడు. అప్పటికి నేల పెళ్ళలు పెళ్ళలుగా లేచేది. పైన వేసిన మొక్కజొన్న గింజ సగం మొలిచేది కాదు. మూడో ఏడు నోరు విప్పి అడిగితే "అందర్నీ చూసుకోవాలిగా" అన్నాడు. నేను ఆ అందరిలో ఒకతెనన్నమాట. ఆ మాట నాకు చాలా లోతుగా దిగింది.

అందుకే ఊళ్ళో పండ్లతోట ఉన్నాయన తన చిన్న ట్రాక్టర్ అమ్మేస్తుంటే నేను కొన్నాను. చెట్ల వరసల మధ్య తిరిగే రకం, చూడ్డానికి పెద్ద ట్రాక్టర్ పిల్లలా ఉంటుంది. కొన్న సంగతి అన్నయ్యకి నేను చెప్పాల్సింది. చెప్పలేదు. ఎవరి నోటో విన్నాడు, విన్న రెండో రోజున గొర్రు తెచ్చి పడేశాడు. ఆ విషయంలో తప్పు నాదే. అప్పుడైతే చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ సాయంత్రమే గొర్రు తగిలించి చూద్దామని కూర్చున్నాను. మా ఆయన వెనక నిలబడి ఎడమకి, కుడికి అని చేతులూపాడు. ఆయన టైలర్. ఇంటి ముందు గదే కొట్టు. ఆయన మెడలో టేపు లేకుండా చూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎడమ అంటే నా ఎడమో ఆయన ఎడమో తేలేసరికి పావుగంట పోయింది. తీరా దగ్గరకి తెస్తే నా ట్రాక్టర్ చేతులు రెండూ పిన్నులకి లోపలి వైపే ఉండిపోయాయి, అందలేదు. గునపం పెట్టి ఒకదాన్ని బయటికి లాగాను. పిన్ను దాకా వచ్చి ఆగింది. పిన్ను లావు, కన్నం చిన్నది. సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను. పిన్ను మీద రంగు ఊడింది తప్ప ఫలితం లేదు.

మా ఆయన కంగారు పడలేదు. ఆయనకి కంగారంటే తెలియదు, ఆయన వాటా కూడా నేనే పడాలి. ఇది సైజు తేడా అంతే, కొలతలిస్తే లేత్ దగ్గర కొత్త పిన్నులు చేసిస్తారని చెప్పి, మెడలో టేపు తీసి గొర్రు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిన్నుకి కొలత తీశాడు. కన్నంలోకి దారం పోనిచ్చి ఆ దారాన్ని టేపు మీద పరిచాడు. చొక్కాల కొలతలు రాసుకునే చీటీ మీదే రాసుకుని, లేత్ మేస్త్రికి ఫోన్ చేసి, రెండుంముప్పావు అంగుళాల లావున్న పిన్నులు ఒక జత కావాలన్నాడు.

లేత్ మేస్త్రిని ఊళ్ళో అందరూ మిల్లీమీటర్ అంటారు. మీరు ఏం పని చెప్పినా, ఒక్క మిల్లీమీటర్ అటూ ఇటూ అయితే ఏమవుతుందో తెలుసా అని మొదలుపెడతాడు. పనిమంతుడు. అంత లావు కడ్డీ తన దగ్గర లేదని బయట నుంచి తెప్పించి, తిప్పి, నునుపు చేసి, వారం తర్వాత స్వయంగా మోసుకొచ్చాడు. రెండు పిన్నులు. ఒక్కొక్కటి నా ముంజేయంత లావు. వాటిని గొర్రు పక్కన పెట్టి ముగ్గురం కాసేపు చూస్తూ నిలబడ్డాం.

మిల్లీమీటరే ముందు కనిపెట్టాడు. మా ఆయన పిన్ను మందం కొలవలేదు. నడుముకి కొలిచినట్టు చుట్టూ టేపు తిప్పి కొలిచాడు. కన్నానికీ అంతే. పాతికేళ్ళుగా ఛాతీలు, నడుములు, మెడలు చుట్టూ కొలిచిన మనిషి, ఇనుముని మాత్రం అడ్డంగా ఎందుకు కొలుస్తాడు. నాకు నవ్వొచ్చింది, కానీ వారం పోయిందన్న ఏడుపు దాన్ని మింగేసింది. ఆకాశం అప్పటికే ఒక మూల మసకబారుతోంది. అంత లావు పిన్ను ఏ ట్రాక్టర్‌కని మీరైనా అడగొద్దా అని మిల్లీమీటర్ మీద పడ్డాను. మనిషి అంత ధైర్యంగా ముప్పావులతో సహా చెబుతుంటే అనుమానించడం మర్యాద కాదనుకున్నానని ఆయన అన్నాడు. ఆ పిన్నులు ఇప్పటికీ మా కొట్టులో ఉన్నాయి. గుడ్డ జరిగిపోకుండా బరువుకి పెట్టుకుంటాడు మా ఆయన.

అప్పుడు మేస్త్రి తన కొలత కర్ర తీసి సరిగ్గా చూశాడు. గొర్రు పిన్ను ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు. నా ట్రాక్టర్ కన్నం ఇరవై రెండు. పైగా గొర్రు పిన్నుల మధ్య దూరం నా ట్రాక్టర్ చేతులకంటే దాదాపు అరడుగు ఎక్కువ. పెద్ద బండ్లకి ఒక రకం, చిన్న బండ్లకి ఒక రకం, పుట్టుకతోనే ఆ తేడా పెడతారట. చిన్న ట్రాక్టర్ చేతులు కోసి పెద్దవి అతికించడం ప్రమాదమని, తను ఆ పని చెయ్యనని తేల్చేశాడు. మిగిలింది గొర్రు పిన్నులు కొయ్యడమే.

"కోసి, రెండు పక్కలా కలిపి అరడుగు లోపలికి జరిపి, ఇరవై రెండు మిల్లీమీటర్లవి పెడతాను అక్కా. కానీ ఒకటి. ఇది ఆ తర్వాత మీ అన్నయ్య బండికి తగలదు. అది తెలుసుకుని చెప్పండి."

"తగలక్కర్లేదు" అన్నాను.

మా ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని కొట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి మిషను చప్పుడు వినిపించింది.

ఆ రోజుల్లో మా వదిన ఒక మధ్యాహ్నం కొట్టుకి వచ్చింది. లోపలికి రాలేదు. నాలుగు ప్యాంట్లు ఇచ్చి నడుము దగ్గర బిగించమని చెప్పి వెళ్ళింది. రాత్రి అన్నాల దగ్గర మా ఆయన ఎటో చూస్తూ చెప్పాడు.

"మీ అన్నయ్య నడుము రెండంగుళాలు తగ్గింది."

పొట్ట తగ్గితే ఒంటికి మంచిదేగా అన్నాను. రెండు నెలల్లో రెండంగుళాలు మంచిది కాదన్నాడు ఆయన. ఇంకా వదిన చెప్పిందట, వేరే గొర్రు ఎవరిదైనా మాట్లాడారా అని అడిగితే రేపు అంటున్నాడట, రోజూ రేపే అంటున్నాడట. నాకు ముద్ద నోటి దాకా వెళ్ళడం కష్టమైంది. అన్నయ్య మీద కోపం ఎంత ఉందో, అన్నయ్య సరిగా తినడం లేదన్న బాధా అంతే ఉంది. రెండూ ఒకేసారి ఉంటే మనిషికి ఊపిరాడదు. ఆ కోపమే గనక లేకపోతే నేను ఆ రాత్రే వాళ్ళింటికి వెళ్ళేదాన్ని.

వెళ్ళలేదు. మర్నాడు గొర్రుని వేన్ ఎక్కించి మిల్లీమీటర్ షెడ్డుకి తీసుకెళ్ళాను.

షెడ్డు నిండా ఇనప రజను, మూలన పాత గేర్లు, గోడకి వరసగా తగిలించిన స్పానర్లు. మేస్త్రి గొర్రుని రెండు బల్లల మీదకి ఎక్కించి, పిన్నుల మొదట్లో సుద్దతో గీత గీశాడు. కోతకి గ్యాస్ వెలిగించాడు. నీలం మంట సన్నబడి బుస్సుమంటోంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వంగబోతుంటే గుమ్మంలోంచి "ఆగు మేస్త్రీ" అని వినిపించింది. మా ఆయన. మిషను మీంచి లేచి అలాగే వచ్చినట్టున్నాడు. చొక్కా నిండా దారపు ముక్కలు, మెడలో టేపు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాన ఇవాళో రేపో అంటుంటే, వారం రోజులు తనే పాడుచేసి, ఇప్పుడు మళ్ళీ అడ్డం వచ్చాడు. మీరు ఎవరి వైపు అని అందరి ముందూ అడిగేశాను.

"ఎవరి వైపూ కాదు. రోజూ కత్తెర పట్టుకునేవాణ్ణి, అందుకే చెబుతున్నా" అన్నాడు. "పెద్ద చొక్కా చిన్నది చెయ్యమని ఇస్తారు. మిగిలిన గుడ్డ నేను కత్తిరించను. లోపలికి మడిచి కుడతాను. పైకి కనిపించదు. మళ్ళీ వదులు చెయ్యమని తెస్తే కుట్టు విప్పుతాను. కత్తిరించినదాన్ని మాత్రం వదులు చెయ్యడం నాకు ఇంతవరకూ చేతకాలేదు. పాత పిన్నులు ఎక్కడివక్కడ ఉండనీ మేస్త్రీ. వాటికి లోపల ఇంకో జత పెట్టు."

ఆయన ఒక్క దమ్మున అంత మాట్లాడ్డం పెళ్ళయ్యాక నేను వినడం అదే మొదటిసారి. మేస్త్రి కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని గొర్రు వైపు చూశాడు. కొలత కర్రతో పాత పిన్నుకి లోపల ఉన్న చోటు చూశాడు. రెండు పక్కలా రెండు ఇనప రేకులు నిలబెట్టి వాటికి సన్న పిన్నులు పెట్టొచ్చని, పెద్ద చేతులు బయట, చిన్న చేతులు లోపల, ఒకదానికొకటి అడ్డం రావని గొణుక్కున్నాడు. పని రెట్టింపు, ఇంకో రోజు పడుతుంది. తనకి ఆ ఆలోచన రానందుకు కొంచెం చిన్నబోయాడు కూడా. తర్వాత నా వైపు తిరిగాడు.

"గొర్రు మీది అక్కా. మీరే చెప్పండి."

మంట ఇంకా వెలుగుతూనే ఉంది. కోసెయ్యండి అనే మాట నాలుక చివరే ఉంది. పిన్నుల వైపు చూశాను. ఏళ్ళ తరబడి రాపిడికి ఒక వైపు అరిగి మెరుస్తున్నాయి. ఎన్నిసార్లు నా చేత్తో వాటికి గ్రీజు పూశానో.

"ఏదో ఒకటి, తొందరగా కానివ్వండి" అన్నాను.

మేస్త్రి గ్యాస్ కట్టేశాడు.

మా ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వాన పడింది. సాయంత్రం మొదలై తెల్లారేదాకా కురిసింది. నేల తాగాల్సినంత తాగింది. ఇంకో రోజు ఆగి, మడమతో తొక్కి చూసి, పదును వచ్చిందని తేల్చుకున్నాను.

గొర్రు తగిలించడం మాత్రం నరకమే అయింది. చేతులు సరిగ్గా సరిపోయాయి, మిల్లీమీటర్ పనికి వంక లేదు. కానీ నడిపేది నేనే, దిగి ఎక్కించేదీ నేనే. ఒక పక్క ఎక్కిస్తే ఇంకో పక్క కిందుంటుంది. గొర్రు నేల మీద వాలి ఉంది, దాన్ని గునపంతో ఎత్తాలి, ఎత్తి పట్టుకుని బండి చెయ్యి తొయ్యాలి, నాకు మూడో చెయ్యి ఉంటే క్లిప్పు పెట్టాలి. మా ఆయన సాయం వచ్చి వేలు నలగ్గొట్టుకున్నాడు. ఎక్కి దిగి, దిగి ఎక్కి, గంటకి పైగా పట్టింది. అన్నయ్యా నేనూ అయితే రెండు నిమిషాల పని. ఆ సంగతి గుర్తొచ్చి ఇంకా చిరాకేసింది.

తీరా పైకి ఎత్తితే ముందు చక్రాలు నేలని వదిలి బెత్తెడు లేచాయి. తొమ్మిది పళ్ళ బరువు ఈ పిల్ల బండికి ఎక్కువ. నాలుగు పళ్ళు బోల్టులు విప్పి తీసేశాను. మా ఆయన గుర్రపు జీను లాంటి కాన్వాసు సంచి ఒకటి రెండు వరసల కుట్టుతో కుట్టి తెచ్చి, రెండు వైపులా ఇసుక నింపి ముందు కమ్మీ మీద వేలాడదీశాడు. బండి కుదురుగా నిలబడింది. నేను అడక్కుండానే ఎప్పుడు కుట్టాడో. మాట్లాడకూడదనుకున్న నా పంతం అక్కడితో సరి.

ఐదు పళ్ళతో రెండు రోజులు దున్నాను. చిన్న బండి, నెమ్మదిగా పోతుంది. కానీ వెనక్కి తిరిగి చూస్తే మట్టి నల్లగా, పొడిపొడిగా విచ్చుకుంటోంది. నాలుగేళ్ళలో నా పొలం అలా కనిపించడం అదే మొదటిసారి. ఎవరి కోసమూ ఎదురు చూడకుండా, నా పదునులో నేను దున్నుకున్నాను. ఎంత సంతోషమేసిందంటే, గట్టున కూర్చున్న మా ఆయనకి ప్రతి మలుపులోనూ చెయ్యి ఊపాను. ఆయనా ప్రతిసారీ ఊపాడు, కట్టు కట్టిన వేలితో.

రెండో రోజు సాయంత్రం ఆఖరి చాలు తిప్పి బండి ఆపినప్పుడు అన్నయ్య పొలం వైపు చూశాను. మా రెంటికీ మధ్య ఒక్క గట్టే. రెండు రోజులూ అటు చూడకూడదని చూడలేదు. పొలం వాన పడ్డప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క చాలు కూడా లేదు. దాని మొదట్లో పెద్ద ట్రాక్టర్ నిలబడి ఉంది, వెనక చేతులు రెండూ ఖాళీగా కిందకి వేలాడుతున్నాయి. అన్నయ్య దాని నీడలో కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో గొర్రు ఉన్న ప్రతివాడూ ఆ రెండు రోజులూ తన పొలంలోనే ఉంటాడు. ఎవరు ఇస్తారు.

మూడేళ్ళు నేను అలాగే కూర్చున్నాను. ఇప్పుడు తెలిసొచ్చిందా అని ఒక క్షణం అనిపించింది. అనిపించలేదంటే అబద్ధం. కానీ అది ఎంతోసేపు నిలవలేదు. నేల మాత్రం ఏ పాపం చేసింది.

మర్నాడు పొద్దున్నే నాలుగు పళ్ళూ మళ్ళీ బిగించాను. మా ఆయన ఇంకో రెండు సంచుల ఇసుక ముందు కట్టాడు. గొర్రు ఎత్తుకుని, నడిచే వేగంతో, గతుకు గతుకుకీ ప్రాణం అరచేతిలో పెట్టుకుని అన్నయ్య పొలం దాకా వెళ్ళాను. పెద్ద ట్రాక్టర్ వెనక ఖాళీ జాగాలో గొర్రు దించి, నా బండి చేతులు విప్పుకుని, బండి పక్కకి తీశాను. అన్నయ్య లేచి నిలబడ్డాడు. ప్యాంటు నడుము దగ్గర నిజంగానే వదులుగా ఉంది, బిగించినవి ఇంకా తీసుకెళ్ళలేదు.

"పదును పోతోంది. తగిలించుకో" అన్నాను.

"రేపు వేరేవాళ్ళది వస్తుంది."

"మొన్నా రేపే, నిన్నా రేపే. వదిన చెప్పింది."

అన్నయ్య గొర్రు దగ్గరకి వచ్చాడు. కొత్త రేకులు, వెల్డింగు చూడగానే మొహం వాడిపోయింది. ఇక ఇది తన బండికి పనికిరాదని అనుకున్నట్టున్నాడు. వంగి చూశాడు. బయటి పక్క పాత పిన్ను చేత్తో తడిమాడు. అవతలి పక్కకి వెళ్ళి రెండోదాన్నీ తడిమాడు.

"కొయ్యలేదే" అన్నాడు.

నా మనసు మంచిదని చెప్పుకోవడానికి అంతకంటే మంచి సమయం రాదు. కానీ అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"కొయ్యమనే చెప్పాను. గ్యాస్ కూడా వెలిగించారు. మీ బావ అడ్డుపడ్డాడు."

అన్నయ్య కాసేపు పిన్ను మీద చెయ్యి అలాగే ఉంచాడు.

"నేనైతే కోసేసేవాణ్ణి" అన్నాడు.

"తెలుసు."

నవ్వాడా అంటే నవ్వాడు, ముక్కుతో. తర్వాత నా పొలం వైపు తిరిగాడు. ఆ నల్లటి దుక్కిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. బాగా దున్నావన్నాడు. మూడేళ్ళు నీ నేలని నేనే ఎండబెట్టాను అని కూడా అన్నాడు, కానీ అటు తిరిగే అన్నాడు. నేను విననట్టు ఊరుకున్నాను. విన్నానని అన్నయ్యకీ తెలుసు.

అన్నయ్య బండెక్కి వెనక్కి తెచ్చాడు. నేను అలవాటుగా వెళ్ళి నిలబడ్డాను. పెద్ద చేతులు వచ్చి పాత పిన్నుల ఎదురుగా ఆగాయి. ఎడమది ఎక్కించాను, క్లిప్పు. కుడిది, క్లిప్పు. రెండు నిమిషాలు పట్టలేదు. తొమ్మిది పళ్ళూ నేలలోకి దిగాయి. నేను ఇంటికొచ్చేశాను.

సాయంత్రం దాకా ఆ ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్క రోజులో మొత్తం దున్నేశాడు, స్నేహితుల పొలాలకి వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున నేను లేచి తలుపు తీసేసరికి గొర్రు మా వాకిట్లో ఉంది. ఎప్పుడు తెచ్చాడో, మేము లేవకముందే వచ్చి వెళ్ళినట్టున్నాడు. మట్టంతా కడిగి ఉంది. ఐదు పళ్ళే ఉన్నాయి. మిగతా నాలుగూ విప్పి, బోల్టులతో సహా గోనెసంచిలో కట్టి పక్కన పెట్టాడు. సన్న పిన్నులకి కొత్త గ్రీజు రాసి ఉంది. గొర్రు మాత్రం నేల మీద లేదు. నాలుగు మూలలా నాలుగు చెక్క దిమ్మల మీద నిలబెట్టి ఉంది. ఒకదాని కింద సన్న పలక ముక్క కూడా దోపాడు, వాలకుండా.

ఎందుకలా పెట్టాడో మొదట అర్థం కాలేదు. ట్రాక్టర్ స్టార్ట్ చేసి మెల్లగా వెనక్కి తెచ్చాను. దిగి చూస్తే నా బండి చేతుల కన్నాలు రెండూ పిన్నులకి సూటిగా ఎదురుగా ఉన్నాయి. గునపం ముట్టుకోలేదు. ఎడమది అరచేత్తో తోస్తే ఎక్కింది. కుడిదీ ఎక్కింది. ఎత్తే మనిషి అక్కర్లేదు, పట్టుకునే మనిషి అక్కర్లేదు. నేను ఒక్కదాన్నే తగిలించుకునేలా నిలబెట్టి వెళ్ళాడు. నా బండి చేతుల ఎత్తు నిన్న పొలంలో ఎప్పుడు చూసుకున్నాడో నాకు తెలియదు.

క్లిప్పులు పెట్టి అక్కడే, ట్రాక్టర్ పెద్ద చక్రానికి ఆనుకుని కింద కూర్చుండిపోయాను. ఏడుపు ఆగలేదు. ఇక మీదట తొలకరికి అన్నయ్య బండి తేవడం, నేను పిన్ను ఎక్కించడం ఉండదు. తనకో గొర్రు తను చూసుకుంటాడు, ఎవరి దుక్కి వాళ్ళదే. అది అన్నయ్యకి నాకంటే ముందే తెలిసింది, తెలిసీ ఇంత సరిగ్గా కొలిచి నిలబెట్టాడు.

మా ఆయన కంగారుగా బయటికొచ్చాడు. ఆ మనిషికి కంగారు రావడం కూడా చూశాను ఆ రోజు. ఏమైంది, చెయ్యి నలిగిందా అని అడిగాడు.

"ఎత్తు సరిపోయిందండీ" అన్నాను.